మన్యం దారుల్లో మోటారు రొద లేకుండా సైకిల్ తొక్కాలంటే

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీరూ మీ స్నేహితుడూ విశాఖలో ఉంటారు. ఇద్దరి దగ్గరా గేర్ల సైకిళ్లున్నాయి. డిసెంబరు చివరి వారంలో ఐదు రోజులు సెలవు దొరుకుతుంది. శుక్రవారం రాత్రి బయలుదేరి లంబసింగి, పాడేరు, అరకు చుట్టి రావాలని ఉంది. అల్లూరి సీతారామరాజు తిరిగిన అడవిని నెమ్మదిగా చూడాలి, కార్లూ లారీల గొడవ మాత్రం ఉండకూడదు. అలాంటి దారి ఉందా?

ఉంది. కానీ మీరు అనుకున్న వారంలో లేదు, మీరు అనుకున్న వరసలోనూ లేదు. నేను పద్నాలుగేళ్లుగా ఏటా కనీసం రెండుసార్లు ఆ కొండలు ఎక్కి దిగుతున్నాను. మన ఏజెన్సీలో, అంటే ఈ మన్యం ప్రాంతంలో, సైకిళ్లకని వేరే బాటలు ఎక్కడా లేవు. మోటారు బండి వెళ్లే దారిలోనే సైకిలూ వెళ్లాలి. కాబట్టి ఇక్కడ ఖాళీ రోడ్డును మ్యాపులో వెతికితే దొరకదు. వారంలో ఏ రోజు, రోజులో ఏ గంట, ఏ ఘాట్ ఎక్కాలి, ఏ ఘాట్ దిగాలి అన్నవి కుదిరితే అదే రోడ్డు ఖాళీ అవుతుంది. కుదరకపోతే తిరునాళ్లలో చిక్కుకున్నట్టే ఉంటుంది.

లంబసింగి సంగతే తీసుకోండి. తెల్లవారుజామున రోడ్లు ఖాళీగా ఉంటాయన్నది బీచ్ రోడ్డులో తొక్కే మనందరి నమ్మకం. నవంబరు నుంచి జనవరి దాకా శని, ఆదివారాల్లో లంబసింగి ఘాట్‌లో ఇది పూర్తిగా తలకిందులు. మంచు చూడాలని విశాఖ, రాజమండ్రి, కాకినాడ నుంచి జనం అర్ధరాత్రి బయలుదేరతారు. తెల్లవారుజామున మూడు నుంచి ఆరున్నర దాకా ఆ ఘాట్ నిండా కార్లే. నడిపేవాళ్లలో చాలామందికి కొండ దారి కొత్త, రాత్రంతా నిద్ర ఉండదు, పైగా మంచు. పదిన్నర, పదకొండు గంటలకు అవే బండ్లు వరసగా దిగుతాయి. చెరువులవేనం వ్యూ పాయింటు దగ్గరా ఇదే పరిస్థితి. పాడేరు పక్క వంజంగి మేఘాల కొండ దగ్గర ఇంకా ఎక్కువ. మంగళవారం ఉదయం అదే ఘాట్‌లో నేను గంటన్నర తొక్కితే నాకు ఎదురైనవి రెండు ఆర్టీసీ బస్సులు, ఒక జీపు, నాలుగైదు మోటారు సైకిళ్లు. అంతే.

అందుకే నా మాట ఇది: ఆదివారం ఉదయం విశాఖలో బయలుదేరండి, శుక్రవారం సాయంత్రానికి ఇంటికి చేరండి. అంటే ఆరు రోజులు. ఐదుకు ఇంకొకటి కలపాలి. అరకును మాత్రం వదిలేయమనే చెప్తాను. అరకు, అనంతగిరి, శృంగవరపుకోట ఘాట్ అందమైనదే. కానీ ఆ దారి పర్యాటకుల కార్లకు రాసిచ్చేసినట్టు ఉంటుంది. అరకుకు కిరండోల్ ప్యాసింజరెక్కి ఇంకోసారి వెళ్లండి, సొరంగాలన్నీ కిటికీలోంచి చూసుకుంటూ. ఈసారి మీకు కావలసింది నర్సీపట్నం, కృష్ణదేవిపేట, చింతపల్లి, గూడెం కొత్తవీధి, జి.మాడుగుల, పాడేరు. విప్లవం జరిగిన అడవి చాలావరకు ఇటువైపే.

డిసెంబరు చివరి వారం కూడా మార్చుకోగలిగితే మార్చుకోండి. క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా మామూలు రోజులు కూడా ఆదివారాల్లాగే ఉంటాయి. నవంబరు రెండో వారంలో మంగళ, బుధ వారాలు బాగుంటాయి. వలిసె పూలు కొండవాలంతా పసుపు పచ్చగా పరుచుకుని ఉంటాయి, చలి కూడా ఓర్చుకోగలిగినంతే. నాకు మరీ ఇష్టమైనది ఫిబ్రవరి రెండో సగం. పర్యాటకులు తగ్గిపోతారు, రోడ్డు పొడిగా ఉంటుంది, పొగమంచు త్వరగా విడుతుంది. వానాకాలం మాత్రం వద్దు. కొండచరియలు జారతాయి, గెడ్డలు, అంటే కొండవాగులు, పొంగి రోడ్డు మీదికి వస్తాయి. మలేరియా భయం కూడా ఆ నెలల్లోనే ఎక్కువ.

ఇక దారి. విశాఖ నుంచి అనకాపల్లి మీదుగా జాతీయ రహదారి పట్టకండి. భుజం రాసుకుంటూ కంటెయినర్లు వెళ్తుంటే అది యాత్ర కాదు. సబ్బవరం, చోడవరం, వడ్డాది, రావికమతం, రోలుగుంట మీదుగా నర్సీపట్నం వెళ్లే దారి పట్టండి. మన వాళ్లు బీఎన్ రోడ్డు అంటారు, భీమిలి–నర్సీపట్నం రోడ్డు. దాని గుంతల పేరు మీరు వినే ఉంటారు. నిజమే, గుంతలున్నాయి, కంకర లారీలున్నాయి. ఆదివారం బయలుదేరమన్నది అందుకే, ఆ రోజు లారీలు పలచగా ఉంటాయి. చోడవరం దాటాక రెండు వైపులా చెరకు తోటలు, కాలమైతే బెల్లం వండే వాసన రోడ్డు మీదికే వస్తుంది. తొంభై కిలోమీటర్ల చిల్లర పడుతుంది, దాదాపు అంతా మైదానమే. సాయంత్రానికి నర్సీపట్నంలో లాడ్జి తీసుకోండి. రెండు రాత్రులకు తీసుకోండి.

రైల్లో వెళ్లాలనుకుంటే ఒక్క జాగ్రత్త. స్టేషన్ పేరు నర్సీపట్నం రోడ్డు అయినా ఊరు అక్కడికి పాతిక కిలోమీటర్ల పైనే ఉంటుంది. సైకిల్‌ను ముందుగా పార్సిల్ ఆఫీసులో బుక్ చేయాలి. ఆ బండి ఆ స్టేషన్లో సైకిల్ దింపేంతసేపు ఆగుతుందో లేదో కూడా అక్కడే అడగండి.

సోమవారం సామాను లాడ్జిలో వదిలి, ఖాళీ సైకిల్‌తో గొలుగొండ మీదుగా కృష్ణదేవిపేట వెళ్లండి. స్థానికులు కేడీపేట అంటారు. వెళ్లడానికి పాతిక, ముప్పై కిలోమీటర్ల మధ్య, తిరిగి రావడానికి అంతే. ఎక్కువమంది దీన్ని వదిలేసి నేరుగా లంబసింగి వెళ్లిపోతారు, అందుకే ఈ రోడ్డు ఇంకా ప్రశాంతంగా ఉంది. తూర్పు కనుమలు అక్కడ ఒక్కసారిగా లేవవు. ముందు ఒక బోడికొండ, దాని వెనక పచ్చటిది, దాని వెనక నీలంగా ఇంకొకటి కనిపిస్తాయి. మైదానం అయిపోయిందనీ మన్యం ఇంకా మొదలవలేదనీ తెలిసే జాగా అది.

కేడీపేటలో సీతారామరాజు సమాధి ఉంది. 1924 మే 7న కొయ్యూరులో ఆయన్ను కాల్చి చంపి, శరీరాన్ని ఇక్కడికి తెచ్చారు. తాండవ నది ఒడ్డున దహనం చేశారు. అప్పటికి ఆయనకు ఇంకా ఇరవై ఏడేళ్లు నిండలేదు. నేను మొదటిసారి వెళ్లిన రోజు అక్కడ ఇద్దరు బడిపిల్లలు తప్ప ఎవరూ లేరు. చిన్నవాడు బోర్డు మీది తేదీలు చదివి వేళ్ల మీద లెక్కపెట్టాడు. పెద్దవాడితో, "మా అన్న కంటే ఒక్క ఏడే పెద్దోడు" అన్నాడు. పుస్తకాల్లో ఎన్నిసార్లు చదివినా ఆయన వయసు నాకు ఆ రోజే తెలిసొచ్చింది. అక్కడ గంటసేపు కూర్చోండి, తొందరపడకండి. వేడి తగ్గాక తిరుగు ప్రయాణం పెట్టుకోండి.

కొయ్యూరు దాకా వెళ్లాలనిపిస్తే తెల్లవారుజామునే బయలుదేరితే కుదురుతుంది. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, కొయ్యూరు, పాడేరు, అరకు మీదుగా విజయనగరం వెళ్లే 516ఇ జాతీయ రహదారి ఆ వైపు నుంచే పోతుంది. రోడ్డు పనులున్న చోట టిప్పర్లు, దుమ్ము తప్పవు. నర్సీపట్నం టీ దుకాణంలో జీపు డ్రైవర్లను అడిగితే ఏ ముక్క ఎలా ఉందో ఆ రోజుది ఆ రోజు చెప్తారు. నేను ఫోన్లో మ్యాపు కంటే వాళ్ల మాటే నమ్ముతాను.

మంగళవారం ఘాట్ ఎక్కడం. ఈ రోజు గురించి కొంచెం ఎక్కువ రాస్తాను.

నర్సీపట్నం నుంచి లంబసింగి దాదాపు ముప్పై కిలోమీటర్లు. కింద ఊరు సముద్ర మట్టానికి వంద మీటర్ల లోపే ఉంటుంది. పైన లంబసింగి వెయ్యి మీటర్ల దాపున ఉంటుంది. డౌనూరు దాకా ఒంటికి పెద్దగా తెలియదు, ఆ తర్వాతే అసలు కథ. ఆరున్నరకు నర్సీపట్నంలో బయలుదేరండి. డౌనూరులో టీ తాగి, నీళ్లు నింపుకుని, అరటిపళ్లు కొనుక్కోండి. పైకి వెళ్లేదాకా కొనుక్కోవడానికి ఏమీ దొరకదనే అనుకోండి. సామానుతో గంటకు ఆరేడు కిలోమీటర్ల వేగమే వస్తుంది. దానికి సిగ్గుపడాల్సిన పని లేదు. మాటలాడుతూ తొక్కగలిగే వేగం దాటకండి. మీ ఇద్దరిలో ఒకరికి మాట తెగిపోతుంటే ఆగండి. దిగి నడిపించుకెళ్లినా ఫర్వాలేదు, అడవి అలాగే బాగా కనిపిస్తుంది.

ఆ ఘాట్‌లో మీకు పనికొచ్చేది కళ్ల కంటే చెవులు. ఇయర్‌ఫోన్లు సంచిలో అడుగున పెట్టేయండి. బండి రెండు మలుపుల కింద ఉండగానే దాని శబ్దం లోయలోంచి వస్తుంది. బస్సుకు ఒక మూలుగు, జీపుకు ఒక గరగర. దిగే లారీ అయితే గేరు మార్చినప్పుడల్లా గట్టిగా ఊపిరి విడిచినట్టు ఉంటుంది. వినగానే మలుపులోకి వెళ్లకుండా, తిన్నగా ఉన్న చోట ఎడమ పక్కకు ఆగి, బండి వెళ్లిపోయాక కదలండి. రెండు మూడుసార్లు ఇలా చేశాక ఇక ఏ టెన్షనూ ఉండదు. బండి దూరమైపోయాక వచ్చే నిశ్శబ్దంలో మీ చైను చప్పుడు, ఎండుటాకుల మీద ఏదో పాకుతున్న చప్పుడు, కింద ఎక్కడో గెడ్డ పారుతున్న చప్పుడు విడివిడిగా వినిపిస్తాయి. మీరు అడిగిన ప్రశాంతత అదే అయితే, అది ఆ పదిహేను కిలోమీటర్లలో దొరుకుతుంది.

ఒక సంగతి తెలుసుకుని ఎక్కండి. నర్సీపట్నం నుంచి లంబసింగి, చింతపల్లి వైపు కొండ మీదికి వేసిన ఈ దారే 1922 తిరుగుబాటుకు ఒక కారణం. అప్పట్లో గూడెం డిప్యూటీ తహసీల్దారుగా బాస్టియన్ అనే అధికారి ఉండేవాడు. రోడ్డు పనికి కొండవాళ్లను వెట్టికి పట్టుకొచ్చి, కూలి ఎగ్గొట్టి, బెదిరించి చేయించాడు. అంతకు నలభై ఏళ్ల ముందే, 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు కొట్టుకోవడానికి వీల్లేదన్నారు. కట్టెకూ మేతకూ ఆంక్షలు పెట్టారు. అడవి మీది కాదన్నారు, పైగా ఆ అడవిలోకి సర్కారు బండ్లు రావడానికి రోడ్డు మాత్రం మీరే వేయాలన్నారు. ఆ కోపం మీదే సీతారామరాజు మాట నిలబడింది. గాం గంటం దొర, గాం మల్లు దొర లాంటివాళ్లు ఆయన వెంట నడిచింది ఊరికే కాదు. రెండో మలుపులో మీ తొడలు మండుతున్నప్పుడు, ఇదే ఎత్తున రాళ్లు మోసినవాళ్లను ఒక్కసారి తలుచుకోండి. నేను ప్రతిసారీ తలుచుకుంటాను. ఈ దారిని నేను కార్లో ఎక్కను అని పంతం పట్టింది కూడా అందుకే.

నాలుగో ఐదో సారి వెళ్లినప్పుడు ఘాట్ పైభాగంలో నాకు కళ్లు తిరిగాయి. తిన్నది చాలలేదు. పిట్టగోడ మీద కూలబడితే కట్టెల మోపుతో దిగుతున్న ముసలమ్మ ఆగింది. "ఏటి బాబూ, మొకం అలాగైపోనాది? కూకో, లెగకు" అంది. నెత్తి మీది మోపు దింపి, కొంగున కట్టుకున్న చిన్న సీసా మూత తీసి చోడి (రాగి) అంబలి పోసింది. సొరకాయ బుర్రలో కాదు, మామూలు ప్లాస్టిక్ నీళ్ల సీసాలోనే. ఉప్పగా, కొంచెం పులుపుగా, చల్లగా ఉంది. పది నిమిషాల్లో లేచి నిలబడగలిగాను. డబ్బులివ్వబోతే ఆమె ముఖం ముడుచుకుంది. అప్పటినుంచి ఘాట్ ఎక్కే రోజు పొద్దున్నే ఇడ్లీలు కాక అంబలి గానీ, రాగి జావ గానీ తాగి వెళ్తున్నాను, జేబులో బెల్లం ముక్కలు పెట్టుకుంటున్నాను. ఎనర్జీ బార్లు కొనకండి, అనకాపల్లి బెల్లం, వేయించిన వేరుశనగలు చాలు.

లంబసింగిలో ఆగాలా వద్దా అన్నది మీ ఇష్టం. మామూలు రోజుల్లో అక్కడ గుడారాలు, రూములు సులువుగా దొరుకుతాయి. నేనైతే తాజంగి జలాశయం చూసి, చింతపల్లి దాకా వెళ్లి పడుకుంటాను. లంబసింగి నుంచి చింతపల్లి ఇరవై కిలోమీటర్ల లోపే, ఎత్తుపల్లాలు మెల్లగా ఉంటాయి, సాయంత్రం ఎండలో ఆ రోడ్డు చాలా బాగుంటుంది. దారి పక్కన కాఫీ తోటలు మొదలవుతాయి. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లకే అల్లుకుని మిరియాల తీగలు. నవంబరు నుంచి జనవరి దాకా అయితే కాఫీ పండ్లు ఎర్రగా ఉంటాయి, ఇళ్ల ముందు ఆరబోసి ఉంటాయి. రోడ్డు మీద కూడా ఆరబోస్తారు, వాటి మీదుగా తొక్కకండి, దిగి పక్కనుంచి నడవండి.

చింతపల్లి పోలీసు స్టేషన్ మీద 1922 ఆగస్టు 22న దాడి జరిగింది. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు. తీసుకున్న తుపాకుల లెక్క స్టేషన్ డైరీలోనే రాసి సంతకం పెట్టి వెళ్లాడు సీతారామరాజు. ఇవన్నీ బళ్లో చదువుకున్నవే. కానీ చింతపల్లి నుంచి కేడీపేట ఎంత దూరమో, మధ్యలో ఎంత కొండ దిగాలో మీ కాళ్లకు తెలిశాక ఆ వరస తేదీలు వేరేగా కనిపిస్తాయి. ఆగస్టు అంటే వాన, జలగలు, పొంగే గెడ్డలు. రాత్రికి రాత్రి అడవి దారిన దిగి, మర్నాడే ఇంకో స్టేషన్ చేరారంటే వాళ్లకు ఆ కొండలు ఎంత తెలుసో ఊహించండి.

బుధవారం సామాను చింతపల్లిలో వదిలి గూడెం కొత్తవీధి వైపు వెళ్లి రండి. ఆర్.వి.నగర్ దగ్గర కాఫీ తోటలు దట్టంగా ఉంటాయి. మొత్తం యాత్రలో వాహనాలు అతి తక్కువగా కనిపించేది ఈ రోజే. గూడెం దాటాక సీలేరు వైపు, ధారాలమ్మ గుడి దిక్కుగా రోడ్డు అడవిలోకి ఇంకా లోతుగా పోతుంది. మొదటిసారి వెళ్తున్నారు కాబట్టి అంత దూరం వద్దంటాను. రానూపోనూ పగటి వెలుగులో కుదరదు, ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. ఈ మండలంలోనే దామనపల్లి ఉంది. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో పొంచి ఉండి దెబ్బ తీసినప్పుడు స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు చనిపోయారు. తెల్లవాళ్ల సైన్యానికి అడవి అంటే ఏంటో అర్థమైన రోజు అది. ఇరుకు దారి, రెండు పక్కలా ఎత్తు, పదడుగుల అవతల మనిషి కనపడని పొదలు. అలాంటి దారుల్లో సైకిల్ ఆపి రెండు నిమిషాలు కదలకుండా నిలబడితే ఎలా జరిగి ఉంటుందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

సంత రోజు మాత్రం ముందే కనుక్కోండి. ఏ ఊరి సంత ఏ వారమో లాడ్జి వాళ్లు చెప్తారు. సంత రోజున జీపుల మీద, ఆటోల మీద జనం వేలాడుతూ వస్తారు, రోడ్డంతా వాళ్లదే, వాళ్లదే కావాలి కూడా. ఆ రోజు తొక్కడం మానేసి సంతలోనే తిరగండి. పసుపు, రాజ్మా, పిప్పళ్లు, చీపుళ్లు, అడ్డాకులు చూడొచ్చు.

గురువారం చింతపల్లి నుంచి లోతుగెడ్డ, జి.మాడుగుల మీదుగా పాడేరు. ఒక కొండ నుంచి ఇంకో కొండకు వెళ్లే దారి కాబట్టి ఎక్కడం, దిగడం రోజంతా ఉంటుంది. కొత్తపల్లి జలపాతం దారిలోనే. వారం మధ్యలో అక్కడ కూడా జనం తక్కువే. జి.మాడుగుల వైపు 516ఇ పనుల ప్రభావం ఎక్కడైనా ఉంటే మట్టిరోడ్డుకు సిద్ధంగా ఉండండి. పాడేరు 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాకు కేంద్రమయ్యింది. అప్పటినుంచి ఊళ్లో రద్దీ బాగా పెరిగింది. మోదకొండమ్మ గుడి చూసుకుని తొందరగా పడుకోండి.

శుక్రవారం పాడేరు ఘాట్ దిగడం. ఈ వరస ఇలాగే ఎందుకని అడుగుతారేమో. పాడేరు ఘాట్‌లో బస్సులు, లారీలు లంబసింగి ఘాట్ కంటే చాలా ఎక్కువ. దాన్ని ఎక్కితే మీరు గంటకు ఆరు కిలోమీటర్లు, బస్సు ఇరవై అయిదు, ప్రతి బండీ మిమ్మల్ని దాటాలి. అదే దిగేటప్పుడు మీ వేగం, బస్సు వేగం ఇంచుమించు ఒకటే, వెనక నుంచి దాటేవి దాదాపు ఉండవు. ఒకే రోడ్డు, ఒకే రద్దీ, దిశ మారితే ప్రమాదం చాలా తగ్గుతుంది.

కానీ దిగడంలో వేరే ప్రమాదం ఉంది. మూడేళ్ల క్రితం వంట్లమామిడి ఇవతల నా వెనక బ్రేకు ప్యాడ్లు అరిగి ఇనుముకు ఇనుము తగిలింది. గీరుమంటూ ఒక శబ్దం, తర్వాత లివరు హ్యాండిల్ దాకా వచ్చేసింది. వెనక పన్నెండు కిలోల సామాను. ముందు బ్రేకు ఒక్కదానితో మెల్లగా ఆపుతూ, కాలు నేలకు రాస్తూ కొండవైపు కాలువలోకి దించి ఆపాను. చేతులు వణికి, కొత్త ప్యాడ్లు బిగించడానికి అరగంట పట్టింది. తప్పు నాదే. నాలుగు రోజులు ఎక్కిదిగాక ప్యాడ్లు చూసుకోకుండా ఘాట్ మొదలుపెట్టాను. మీరు పాడేరులో గురువారం రాత్రే చక్రాలు విప్పి ప్యాడ్లు చూడండి. ఒక మిల్లీమీటరు కంటే తక్కువ మిగిలితే మార్చేయండి. దిగేటప్పుడు బ్రేకు పట్టుకునే ఉండకండి. గట్టిగా పట్టి వేగం తగ్గించడం, వదిలి చల్లారనివ్వడం, ఒకసారి ముందుది, ఒకసారి వెనకది. ప్రతి పది నిమిషాలకూ ఆగండి. రిమ్ బ్రేకులైతే రిమ్ దగ్గర చెయ్యి పెట్టి చూడండి, సెగ తగులుతుంటే ఇంకో అయిదు నిమిషాలు కూర్చోండి. మంచు పడి తడిసిన రోడ్డు మీద మలుపులో బ్రేకు వేయకండి, మలుపుకు ముందే వేగం తగ్గించాలి. ఎనిమిదిన్నర, తొమ్మిది దాకా పొగమంచు విడవదు. అది విడిచాకే దిగడం మొదలుపెట్టండి, వెనక ఎర్ర లైటు పగలైనా వెలుగుతూనే ఉండాలి.

కింద చోడవరం చేరేసరికి మధ్యాహ్నం. అక్కడినుంచి మీకు తెలిసిన బీఎన్ రోడ్డే. అలసిపోతే అక్కడ ఆటో ట్రాలీ మాట్లాడుకోండి. శుక్రవారం చీకటిపడ్డాక కొండవైపు కార్లు మొదలవుతాయి, మీరు అప్పటికి ఇంట్లో ఉంటారు.

సైకిల్ గురించి. మీ హైబ్రిడ్‌లు చాలు, కొత్తవి కొనకండి. టైర్లు 35 మిల్లీమీటర్లకు తక్కువ ఉంటే మాత్రం 38 వేయించుకోండి, బీఎన్ రోడ్డు కోసమైనా. ముఖ్యమైనది గేరు. ముందు, పెడళ్ల దగ్గర ఉండే చిన్న చైన్‌రింగ్ పళ్ల కంటే వెనక పెద్ద పళ్లచక్రానికి పళ్లు ఎక్కువ ఉండాలి, ముందు 30 వెనక 34 అలా. అది లేకుండా సామానుతో ఈ ఘాట్ ఎక్కితే మోకాళ్లు పోతాయి. హైబ్రిడ్ చక్రాలకు వేసే 700సి కొలత ట్యూబు విశాఖ దాటాక నాకు ఎక్కడా దొరకలేదు. మనిషికి రెండు ట్యూబులు, ప్యాచీలు, పంపు, చైన్ లింకు, ఒక జత ప్యాడ్లు వెంట ఉండాలి. చింతపల్లిలో పంక్చరు వేసే కుర్రాళ్లు ఉన్నారు, పనిమంతులే, కానీ విడిభాగాలు ఉండవు. సామాను పది కిలోలు దాటనివ్వకండి. చలి బట్టల్లో అతి ముఖ్యమైనవి చేతి తొడుగులు. దిగేటప్పుడు వేళ్లు మొద్దుబారితే బ్రేకు నొక్కలేరు. చొక్కా లోపల ఛాతీ మీద పేపరు పరుచుకుంటే గాలి ఆగుతుంది.

బయలుదేరే ముందు నెల రోజులు వారానికి రెండుసార్లు సామాను కట్టుకుని కైలాసగిరి ఎక్కండి, ఒకసారి సింహాచలం కొండ. ఒక ఆదివారం పాండ్రంగి వెళ్లి రండి. సీతారామరాజు 1897 జూలై 4న పుట్టిన ఊరు, పద్మనాభం మండలంలో. పొద్దున్నే బీచ్ రోడ్డున భీమిలి మీదుగా వెళ్తే మంచి తర్ఫీదు. కంబాలకొండ అడవి ఊరికి ఆనుకునే ఉంది, దగ్గర కదా, అది చాలదా అనుకోవచ్చు. రెండు గంటల నడకకు చక్కగా ఉంటుంది గానీ, మీరు వెతుకుతున్నది అది కాదు.

ఇంకొన్ని మాటలు. ఆధార్ కార్డు పై జేబులోనే ఉంచుకోండి. గంజాయి తనిఖీల కోసం దారిలో పోలీసులు ఆపుతారు, సంచులు విప్పమంటారు. విప్పి చూపించండి, మర్యాదగా మాట్లాడితే వాళ్లే ముందున్న దారి ఎలా ఉందో చెప్తారు. పోలీసు క్యాంపుల ఫోటోలు తీయకండి. రిజర్వు అడవిలో గుడారం వేయాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి, అది లేకుండా వేయకండి. సిగ్నల్ లేని చోట ఫోన్‌పే పనిచేయదు, చిల్లర నోట్లు పెట్టుకోండి. కుక్కలు వెంటపడితే తొక్కి పారిపోకండి. దిగి, సైకిల్‌ను మీకూ కుక్కకూ మధ్య పెట్టి నడవండి, నాలుగడుగుల్లో వదిలేస్తుంది. దోమలు కుట్టకుండా సాయంత్రం పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. వచ్చిన రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే డాక్టరుకు ఏజెన్సీ వెళ్లొచ్చామని తప్పకుండా చెప్పండి.

పిల్లలకు చాక్లెట్లు పంచకండి. ప్రేమతోనే పంచుతారని తెలుసు. కానీ లంబసింగి చుట్టుపక్కల బండి ఆగగానే చెయ్యి చాపడం పిల్లలకు అలా అలవాటైంది, పదేళ్ల క్రితం అది లేదు. సైకిల్ బెల్లు కొట్టనివ్వండి, గేరు మార్చి చూపించండి, వాళ్లకు అదే ఎక్కువ సంతోషం. ఊళ్లలో ఫోటో తీసే ముందు అడగండి. ఇంటి దగ్గర ఆపి ఏదైనా పెడితే తినండి, వద్దంటే చిన్నబుచ్చుకుంటారు. జీలుగు కల్లు ఇస్తే మాత్రం, ముందు ఘాట్ ఉంటే రేపు తాగుతామని చెప్పండి.

తేదీలు ఖాయం అయ్యాక రాయండి. చింతపల్లిలో, పాడేరులో నాకు తెలిసినవాళ్లను అడిగి ఆ వారం సంతలు ఏ రోజుల్లో పడుతున్నాయో, కొయ్యూరు వైపు రోడ్డు పనులు ఎంతదాకా వచ్చాయో కనుక్కుని చెప్తాను. మీ సైకిళ్ల వెనక పళ్లచక్రం ఎన్ని పళ్లదో కూడా లెక్కపెట్టి రాయండి. చాలకపోతే మార్చడానికి ఇప్పుడైతే టైముంది.